చిటికెన వేలు, ఎడమ భుజం

సాంచాల షెడ్డులో నోటితో పనిలేదు. నలభై మరమగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. అందుకే సిరిసిల్ల వైపు నుంచి మహారాష్ట్రలోని భివండీ వచ్చిన మా నేతపనివాళ్లందరికీ చేతులతో మాట్లాడుకోవడం అలవాటు. అరచెయ్యి దొప్పలా వంచి పెదవికి ఆనిస్తే చాయ్ వచ్చిందని అర్థం. రెండు వేళ్లు గిర్రున తిప్పితే పేక నూలు అయిపోయిందని. మీసం దువ్వితే సేటు వస్తున్నాడని. మా సేటుకు మీసమే లేదు, అయినా అదే సైగ. ఎందుకని ఎవరూ అడగలేదు.

నా పేరు భూమయ్య. కనేరిలో ఆ షెడ్డున్న గల్లీ మొదట్లో జిరాక్సు, ఎస్టీడీ షాపు నాది. అంతకు ముందు నేనూ కొన్నేళ్లు సాంచాలు నడిపి, ఒక చెవి పోగొట్టుకుని బయటపడ్డాను. అందుకే గట్టిగా మాట్లాడతాను. కోపంగా ఉన్నానని జనం అనుకుంటారు. సగంసార్లు ఊరికే అలా అనిపిస్తుంది. ఈ కేశవులు సంగతి చెప్పేటప్పుడు మాత్రం నిజంగానే కోపంగా ఉంటాను.

కేశవులు సన్నటి మనిషి, పొడుగు వేళ్లు. కనేరి మొత్తంలో చేతులతో అంత బాగా మాట్లాడేవాడు లేడు. రాత్రి మెస్సులో ఎవడు ఎవడి కంచం లాక్కున్నాడో, మా పని చూసే ముకాదం దత్తాత్రిని అతని భార్య ఏమని తిట్టిందో, షెడ్డు ఈ చివర నిలబడి ఆ చివరివాళ్లకు పూసగుచ్చినట్టు చెప్పేవాడు. దత్తాత్రి స్వయంగా నవ్వు ఆపుకోలేక, పనిచేసుకోండ్రా అని తిట్టడం మరిచిపోయేవాడు. బయటికొచ్చినా ఆ చేతులు ఊరుకునేవి కావు. కూరగాయల బండి దగ్గర బేరం కూడా సగం చేతులతోనే చేసేవాడు. ఆయన భార్య కన్యక, నోరున్నది ఎందుకని ఎత్తిపొడిచేది.

కేశవులు పక్క సాంచాలు ఆగయ్యవి. ఇద్దరిదీ ఒకటే ఊరు, ఒకే ఏడు భివండీ వచ్చారు. ఆగయ్య ఇల్లాలు, పిల్లలు అప్పుడు ఊళ్లోనే ఉండేవాళ్లు. అతను పడుకునేది కేశవులు గదికి ఎదుటి ఖోలీలో, తినేది కన్యక చేతి వంట. మధ్యాహ్నం ఒకరు తినివచ్చేదాకా రెండోవాడు ఇద్దరి సాంచాలూ చూసుకోవాలి. ముందు ఆగయ్య వెళ్లేవాడు. అతను తిరిగొచ్చాక కేశవులు వెళ్లేవాడు.

తొంభైలో, వానాకాలంలో, కన్యకకు బిడ్డ పుట్టింది. పుట్టడమే చాలా బలహీనంగా పుట్టింది, పాలు సరిగ్గా తాగేది కాదు. డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్నాడు. అంతకు ముందు కన్యకకు రెండు కాన్పులు పోయాయి. ఆ రోజుల్లో కేశవులు చేతులు కూడా సరిగ్గా మాట్లాడేవి కావు. అప్పుడే ఆ ఇద్దరి మధ్య ఒక కొత్త సైగ మొదలైంది. ఆగయ్య అన్నం తినివచ్చి గుమ్మంలోనే ఆగి, చిటికెన వేలు పైకెత్తి, దాన్ని ఎడమ భుజం మీద పడుకోబెట్టేవాడు. అది చూసి కేశవులు అరచెయ్యి గుండెకు ఆనించుకునేవాడు. అదేమిటని దత్తాత్రి అడిగాడు, నేనూ ఒకసారి అడిగాను. ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు. షెడ్డులో అందరికీ తెలియని సైగ అదొక్కటే.

మాలో ఒక పద్ధతి ఉంది. ఊరి మనిషి భివండీలో దిగితే చాప పరుస్తాం, కంచం పెడతాం, ఏం పని మీద వచ్చావని అడగం. అప్పుచేసి పారిపోయి వచ్చాడో, పెళ్లాంతో కొట్లాడి వచ్చాడో, వాడంతట వాడు చెబితేనే వింటాం. ఆ ఏడు బతుకమ్మ రోజుల్లో యాదయ్య అనే కుర్రవాడు అలాగే వచ్చాడు. ఊళ్లో వాడు అన్నల్లో కలిశాడని, తుపాకీ పట్టాడని తర్వాత తెలిసింది. వాడు ఆగయ్య ఖోలీలో, ఆగయ్య చాప మీద, కొన్నాళ్లు పడుకుని వెళ్లిపోయాడు. అది కేశవులుకు తెలుసు. ఎదురెదురు ఖోలీలు, తెలియకుండా ఎట్లా ఉంటుంది?

దసరా వెళ్లిన వారం, మామూలు బట్టల్లో ఉన్న పోలీసులు షెడ్డులోకి వచ్చి కేశవులును పట్టుకుపోయారు. ఏ శాఖవాళ్లో నేను రాయను, నా షాపు ఇక్కడే నడవాలి. దేశ భద్రతకు ముప్పు అన్నారు. గుడ్డ తానుల్లో ఆయుధాలు వస్తున్నాయన్నారు. యాదయ్యను దాచింది నువ్వేనన్నారు. అన్నిటికంటే ఎక్కువగా ఆయన చేతుల గురించి అడిగారు. ఈ సైగ ఏమిటి, ఆ సైగ ఏమిటి అని. చాయ్ వచ్చిందని సార్, అంటే వేళ్ల మీద లాఠీ. సేటు వస్తున్నాడని సార్, అంటే మళ్లీ వేళ్ల మీదే. పది నెలలు లోపలుంచి, ఏమీ దొరక్క, కోర్టు వదిలేయమంటే వదిలేశారు. కొండను తవ్వి ఎలుకను పట్టారని నేను అప్పట్లో నవ్వాను. ఎలుక కూడా దొరకలేదు వాళ్లకు.

ఆ పది నెలలూ కన్యకనూ పసిదాన్నీ చూసుకున్నది ఆగయ్య. ఇది నేను కళ్లారా చూశాను, కాదనను. బియ్యం తెచ్చాడు, ఖోలీ కిరాయి కట్టాడు, జ్వరం వస్తే పిల్లను భుజాన వేసుకుని వానలో దవాఖానాకు పరుగెత్తాడు. ఆ శ్రావణంలో రాఖీపున్నం నాడు కన్యక అతనికి రాఖీ కట్టి, నాకు తోడబుట్టినవాళ్లు లేరు, ఇక నువ్వే అన్నవు అంది. అలా ఆగయ్య ఆ పసిదానికి, బిందుకు, మేనమామ అయ్యాడు. చెవులు కుట్టించినప్పుడు పిల్ల అతని ఒళ్లోనే కూర్చుంది. కేశవులు జైలు నుంచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని, బావా, నీ రుణం ఈ జన్మలో తీరదు అన్నాడు.

తిరిగొచ్చిన కేశవులు మళ్లీ అవే సాంచాలు ఎక్కాడు. చేతులు మాత్రం ఆ తర్వాత మాట్లాడలేదు. చాయ్ వస్తే తల ఊపేవాడు. పని లేనప్పుడు రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చునేవాడు. ఎవడో సిపాయి షెడ్డు కిటికీలోంచి తొంగిచూసి, తన సైగలకు తప్పు అర్థాలు కట్టాడని ఆయన నమ్మకం. చదువుకున్న గాడిదలు అని ఆ పోలీసులను ఏళ్ల తరబడి తిట్టుకున్నాడు. మనవాళ్ల మీద ఆయనకు కలలో కూడా అనుమానం రాలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, కేశవులు అసలు వెతకనే లేదు.

బిందు బతికింది. బతకడమేమిటి, మరాఠీ బడిలో పరుగుపందేలన్నీ గెలుచుకుని, మా వాడలో ఏ ఆడపిల్లా అనుకోని పని ఒకటి అనుకుంది. పోలీసులో చేరతానంది. కన్యక నెత్తి కొట్టుకుంది. కేశవులు మాత్రం, చేరనియ్యి, మన పిల్ల ఉంటే ఎవల చేతులన్నా చూసి కొట్టకుండ అడ్డం పడుతది, అన్నాడు. రెండువేల ఎనిమిదిలో పరుగులో నెగ్గింది, రాతపరీక్షలో నెగ్గింది, ఎంపిక జాబితాలో పేరొచ్చింది. ఆ తర్వాత ఇంటివాళ్ల నడవడి విచారణ జరిగి, తండ్రి దేశ భద్రతకు సంబంధించిన రహస్య ఫైలులో అనుమానితుడు కాబట్టి ఉద్యోగం ఇవ్వలేమని కాగితం వచ్చింది. కోర్టు వదిలేసిన మనిషిని ఫైలు వదలలేదు.

నాకు ఒళ్లు మండింది. సమాచార హక్కు చట్టం కింద ఆ ఫైలు ఇవ్వమని దరఖాస్తు నేనే రాశాను, అందులో రెండు తిట్లు కూడా రాస్తే బిందు కొట్టేయించింది. రహస్యం, ఇవ్వము అన్నారు. పైకి అప్పీలు చేశాం. తిప్పారు, తిప్పారు, చివరికి పై అధికారి ఒకరు, కేసు ఎప్పుడో ముగిసింది, ఇక ఇందులో దాచాల్సింది లేదు, సమాచారం ఇచ్చినవాడి పేరు చెరిపి మిగతాది ఇవ్వండి అని ఆర్డరు వేశారు. ఆ మరుసటి ఏడు శ్రావణంలో కాగితాల కట్ట చేతికొచ్చింది. మొదటి పేజీ మీద రహస్యం అన్న ముద్ర, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. ఉద్యోగం కావాలంటే ఆ ఫైలులో రాసింది తప్పని నెలలోపు చూపించుకోవాలని పోలీసు నియామకాల ఆఫీసు గడువు పెట్టింది.

నా షాపులోనే కూర్చున్నాం. కేశవులుకు మరాఠీ చదవడం రాదు. బిందు చదువుతూ తెలుగులో చెబుతోంది. మొదట నవ్వొచ్చింది. దొప్పచెయ్యి పెదవికి ఆనించడమంటే రహస్య సమావేశమట. మీసం దువ్వడమంటే దళనాయకుడు వస్తున్నాడనట. నేను గట్టిగా నవ్వాను. మీసం లేని మా సేటు దళనాయకుడయ్యాడు కదా అని. కేశవులు కూడా చాలా ఏళ్లకు పళ్లు కనిపించేలా నవ్వాడు. నేను చెప్పలేదా, గాడిదలు, కిటికీలకెళ్లి చూసి ఏదో రాసుకున్నరు, అన్నాడు.

బిందు పేజీ తిప్పింది.

“బాపు, ఇక్కడ ఇంకొకటున్నది. చిటికెన వేలు ఎత్తి ఎడమ భుజం మీద పెట్టుడు అంటే సామాను క్షేమంగ చేరింది, దాచిపెట్టినం అని. ఈ సైగ కేశవులుకు, మా మనిషికి తప్ప షెడ్డుల ఇంకెవలకు తెల్వదు, అర్థం మా మనిషే చెప్పిండు అని రాసిండ్రు. మా మనిషి అన్నకాడ పేరు మీద నల్లరంగు పూసిండ్రు.”

కేశవులు నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. కొంచెం కొంచెంగా పోయింది. మళ్లీ చదవమన్నాడు. బిందు మళ్లీ చదివింది. ఏం సామాను బాపూ అది, అని అడిగింది. ఆయన చంకల్లోంచి చేతులు తీసి, వాటినే చూస్తూ కూర్చున్నాడు.

“గది సామాను కాదు బిడ్డా,” అన్నాడు. “గది నువ్వు.”

అప్పుడు చెప్పాడు. పిల్ల చిటికెన వేలంత ఉంది. పాలు తాగి తల్లి భుజం మీద నిద్రపోయిందంటే ఆ పూటకు గండం గడిచినట్టు. ఆ మాట ఎవరి నోటా అనకూడదని, దిష్టి తగులుతుందని, ఇద్దరూ సైగ పెట్టుకున్నారు. కన్యకకు కూడా చెప్పలేదు. భూమిమీద అది తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు.

నల్లరంగు కింద ఎవరి పేరుందో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలైనట్టు అని మా అమ్మ అనేది. ఇంతగా పుచ్చడం నేను చూడలేదు. నేను ఆగయ్య ఇంటిపైకి పోదామని లేచాను. కేశవులు నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. పున్నం ఇంకా నాలుగు రోజులే ఉన్నది భూమన్నా, ఆయనే అస్తడు, అన్నాడు.

ఆ నాలుగు రోజులూ ఆయన ఎట్లా ఆ మనిషి పక్కన నిలబడి సాంచాలు నడిపాడో నాకు ఇప్పటికీ తెలియదు.

రాఖీపున్నం పొద్దున మేమంతా జంధ్యాలు మార్చుకుని వచ్చాం. కన్యక నన్నూ రమ్మంది. ఆగయ్య ప్రతి ఏడు వచ్చినట్టే కొత్త చొక్కా తొడుక్కుని, పండ్లు, చీర పట్టుకుని వచ్చాడు. పీట మీద కూర్చుని, బిందు తల నిమిరి, కుడిచెయ్యి చాచాడు. కన్యక పళ్లెంలో దీపం వెలిగించింది. ఆమెకు అప్పటికే అంతా తెలుసు, ముఖంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు. అప్పుడు ఎదురుగా గోడకానుకుని ఉన్న కేశవులు, పద్దెనిమిదేళ్లకు పైగా ఎత్తని చెయ్యి ఎత్తాడు. చిటికెన వేలు నిలబెట్టి, ఎడమ భుజం మీద పడుకోబెట్టాడు.

ఆగయ్య ముఖం వెలిగిపోయింది. అదే నాకు అన్నిటికంటే మంటగా ఉంది, ఆ మనిషి నిజంగా సంతోషపడ్డాడు. ఎడమ అరచెయ్యి తనంతట తాను లేచి గుండెకు ఆనింది. ఇంకా యాదికున్నదా బావా అని నవ్వాడు.

అదేంది మామా, అని బిందు అడిగింది.

“నువ్వు పాలు తాగి పండుకున్నవని బిడ్డా. గింత ఉంటివి. మా ఇద్దరికే ఎరుక, నీ అవ్వకు గూడ తెల్వది.”

“నిజం చెప్పు మామా. మీ ఇద్దరికే ఎరుకైతే మరి పోలీసోళ్ల ఫైలులకు ఎట్ల పోయింది?”

ఆగయ్య చెయ్యి గుండె మీదే ఉంది. దాన్ని దించడం కూడా తోచలేదు. బిందు కాగితం అతని ముందు పెట్టింది. అతను దాన్ని చూడలేదు, కేశవులును చూశాడు. గదిలో దీపం వత్తి చిటపటమనడం నా చెడ్డ చెవికి కూడా వినిపించింది.

ఆగయ్య చెప్పడం మొదలుపెట్టాడు. పోలీసులు ముందు తననే పట్టుకున్నారట. ఒక రాత్రంతా కూర్చోబెట్టి, యాదయ్య ఎవరి దగ్గరున్నాడో పేరు చెప్పు, లేకపోతే ఊళ్లో నీ పెళ్లాం పిల్లలను కూడా తెస్తాం అన్నారట. సైగలు ఏమిటని అడిగితే, వాళ్లకు ఏది కావాలో అదే చెబుతూ పోయాడట. చివరికి ఇంకేమైనా ఉందా అంటే, అది కూడా చెప్పాడట.

“ఎవలదన్న ఒక పేరు చెప్పుమన్నరు బావా. గీ ఊర్ల నాకు నువ్వు తప్ప ఎవలు ఎరుక?”

కేశవులు గోడను వదిలి వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

“యాదయ్య పండుకున్నది నీ చాప మీద. ఆ ముక్క చెప్తే నన్ను ఆ రోజే ఇడిచిపెడుదురు. పది నెలలు నా చేతి ఏళ్లు ఇరగ్గొట్టిండ్రు. నేను నీ పేరు చెప్పలే బావా. నా బిడ్డ పానాన్ని తీసుకపోయి నువ్వు తుపాకుల సామాను జేసినవు.”

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టావు కదరా, అని నేను అరిచాను. నా మాట ఎవరూ వినలేదు. కన్యక ఏడవలేదు. రాఖీ తీసి, చాచి ఉన్న ఆ కుడిచేతికి చుట్టి, ముడి వెయ్యకుండా పట్టుకుంది.

“చీరొద్దు అన్నా. ఇంకో కట్నం అడుగుతున్న. మాతోటి ఆఫీసుకచ్చి, గా సైగకు అర్థమేందో ఇప్పుడు చెప్పినట్టే చెప్పు. పిల్ల నౌకరి నిలవడ్తది. నువ్వు ఏం జేసినవో నేను మరిచిపోత.”

అతను వస్తానంటాడనే అనుకున్నాను. అంత చేసినవాడైనా, పిల్లను వానలో భుజాన వేసుకుని పరుగెత్తినవాడు కదా. కానీ ఆగయ్య కన్నీళ్లు కారుస్తూనే తల అడ్డంగా ఊపాడు. నన్ను లోపలేస్తరు చెల్లే, వాడల మొఖం ఎట్ల ఎత్తుకుంట, అన్నాడు. మెల్లగా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రాఖీ కన్యక వేళ్ల మధ్యనే ఉండిపోయింది. మొదటిసారి భయంతో ద్రోహం చేశాడని సర్దుకోవచ్చు. ఇప్పుడు లాఠీ ఎవరూ ఎత్తలేదు.

గడువుకు ఇంకా కొన్ని రోజులున్నాయి. కేశవులు అన్నం సరిగ్గా తినలేదు. ఆఫీసులో ఎవరి పేరూ ఎత్తకుండా చెప్పి చూద్దామని ముందు అనుకున్నాడు. బిందు ఏమీ అడగలేదు, అడగకపోవడమే ఆయనకు కష్టమైంది. ఆనాడు చెప్పని పేరు ఇయ్యాల చెప్పాల్సి వచ్చె భూమన్నా, వాడు నన్ను గూడ వానసొంటోన్నే చేసిండు, అని నా షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. జైలు నుంచి వచ్చిన రోజు కూడా ఏడవని మనిషి.

ఆఫీసుకు నలుగురం వెళ్లాం. అధికారి కుర్రవాడే, మర్యాదగా కూర్చోమన్నాడు. కేశవులు సైగ చేసి చూపించి, అర్థం చెప్పి, తెలిసిన రెండో మనిషి పేరు చెప్పాడు. ఆగయ్య తన నోటితో అన్న మాటలు నేను విన్నానని నేనూ చెప్పాను. రాసుకున్నాక ఆ అధికారి ధైర్యం చెప్పబోయాడు. మీరిచ్చిన సమాచారం గోప్యంగా ఉంచుతాం, మీ పేరు ఎక్కడా బయటికి రాదు అన్నాడు. కేశవులు లేచి నిలబడి, తనకొచ్చిన బజారు హిందీలో మాట్లాడాడు.

“నామ్ బరాబర్ లిఖో సాబ్. బాద్ మే కాలా మత్ కర్నా.”

నా పేరు సరిగ్గా రాయండి, తర్వాత నల్లరంగు పూయొద్దు అని. అధికారికి అర్థం కాలేదు. అయినా పేరు పెద్ద అక్షరాలతో రాశాడు.

ఆగయ్యను పిలిచారు. సాక్షినైన నన్ను ఎదురుగా కూర్చోబెడితే కాదనలేక ఒప్పుకున్నాడు. అతన్ని ఎవరూ లోపల వెయ్యలేదు, ఒక దెబ్బ కొట్టలేదు, సాయంత్రానికి ఇంటికి పంపేశారు. అతను దేనికైతే భయపడ్డాడో అందులో ఒక్కటే నిజమైంది. వాడలో ముఖం ఎత్తుకోలేక సాంచాలు వదిలేసి మాన్‌కోలి గోడౌన్లలో లోడింగు పనికి పోయాడు. చలికాలంలో బిందుకు ఉద్యోగం ఆర్డరు వచ్చింది.

ట్రైనింగుకు వెళ్లిన రోజు మధ్యాహ్నం అది నా షాపుకే ఫోన్ చేసింది, షెడ్డులో తండ్రికి సెల్లు వినబడదని. మంచిగ చేరిన భూమన్న పెదబాపూ, అన్నం తిన్న, ఇప్పుడు కొంచెం పండుకుంట, బాపుకు చెప్పు, అంది. నేను షట్టరు సగం దించి షెడ్డుకు పోయి, ఆ చప్పుడులో కేశవులు చెవికి నోరు ఆనించి మూడుసార్లు అరిచాను. మూడోసారికి అందింది.

ఆయన ముఖం విప్పారింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, అలవాటు కొద్దీ పక్క సాంచాల వైపు తిరిగి చిటికెన వేలు ఎత్తి ఎడమ భుజం మీద పడుకోబెట్టాడు. అక్కడ ఆగయ్య చోట కొత్తగా చేరిన యూపీ మనిషి నిలబడి ఉన్నాడు. తనకు తెలియని సైగ ఏదైనా అతనికి చాయ్ గురించే. ఇంకా రాలేదని తల అడ్డంగా ఊపి, మళ్లీ పోగు అతకసాగాడు.